పెడన అద్దకం: డిజైన్ చదివే పిల్లలకు

సెలవుల్లో వచ్చి, "ఏదైనా కొత్తగా చేద్దాం తాతగారూ" అంటారు. చేద్దాం. ముందు ఇవి వినండి.

1. బొమ్మ సంగతి తర్వాత, ముందు గుడ్డను తడపండి. మిల్లు గంజి పోని గుడ్డకు రంగు పట్టదు. ఉతికి ఆరేశాక కరక్కాయ రసంలో, గేదెపాలల్లో ముంచుతాం. కరక్కాయ వగరు రంగుకు పట్టునిస్తుంది. పాలలోని వెన్న అద్దింది పక్కకు పాకకుండా ఆపుతుంది. కరక్కాయ మాని నేరుగా అద్దేసిన గుడ్డలూ చూశాను, రెండు ఉతుకుల్లో వెలిసిపోయాయి.

2. అచ్చుతో మేం వేసేది ఎర్రరంగేనని అందరూ అనుకుంటారు. వేసేది జిగురు కలిపిన పటిక నీళ్లు. పారే నీళ్లలో జాడించి, రాగి బానలో మంజిష్ఠ వేరు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోట ఎరుపు తేలుతుంది. అదే బానలో, అదే వేరుతో, ఇనుము నీళ్లు అద్దినచోట నలుపు. రెండూ కలిపి పాళ్లు మారుస్తూ పోండి, వంగపండు రంగు నుంచి కాఫీ గింజ రంగు దాకా వస్తాయి. కొత్త రంగు కావాలని బజారుకు పరిగెత్తే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ఏ పాళ్లకు ఏ రంగు వచ్చిందో, ముక్క అంటించి మరీ నోటుబుక్కులో రాసుకోండి.

3. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు ఘాటెక్కితే గుడ్డ తినేస్తాయి. మ్యూజియాల్లోని పాత కలంకారీల్లో నల్లగీతల వెంటే చిరుగులు కనబడేది ఇందుకే.

4. "సహజ రంగులు" అని చీటీ కట్టేముందు ఆలోచించండి. ఒకప్పుడు ఈ ఎరుపు చిరివేరుది. 1868లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. తర్వాత మా బానల్లోకీ అదొచ్చింది, ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. వాడితే వాడామని రాయండి.

5. నీళ్లు. ఒక్క గుడ్డను ఎన్నిసార్లు జాడిస్తామో పక్కన నిలబడి లెక్కపెట్టండి. కాలవ ఎండితే మా పని ఆగుతుంది. లతలూ పువ్వులూ ఎవరైనా మారుస్తారు, ఈ నీళ్లు సగానికి తగ్గించే పిల్లకు నేను శిష్యరికం చేస్తాను.

6. వెదురు గుడ్డ తెచ్చి పర్యావరణహితం అంటారు. అందులో చాలావరకు విస్కోసే, వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన దారం. అయినా తెండి, చూద్దాం. జానెడు ముక్క అద్ది, ఉడకబెట్టి, సగానికి అట్ట కప్పి కొన్నాళ్లు ఎండలో పెట్టండి. అట్ట తీసినప్పుడు రెండు సగాలూ ఒక్కలా ఉంటే చీర మాట మాట్లాడుకుందాం.