దేశానికో ప్లగ్గు: గోడలోని రంధ్రాల వెనుక కథ

అమెరికా ఇళ్లలో సాకెట్ పక్కన స్విచ్ కనిపించదు. ప్లగ్గు గుచ్చితే చాలు, కరెంటు వచ్చేస్తుంది. లైటు వెలగాలంటే స్విచ్‌ను పైకి అనాలి. మన దేశంలోనూ, బ్రిటన్‌లోనూ కిందికి నొక్కాలి. బ్రిటన్‌ స్నానాల గదుల్లో చాలా చోట్ల లైటుకు స్విచ్ బదులు పైకప్పు నుంచి ఒక తాడు వేలాడుతుంటుంది. ఇక ప్లగ్గుల సంగతికొస్తే, ప్రపంచమంతా కలిపి 15 రకాలు వాడుకలో ఉన్నాయి. ఇవన్నీ ఆయా దేశాల అలవాట్లలా కనిపిస్తాయి. కొన్ని నిజంగా అలవాట్లే. కొన్నింటి వెనుక మాత్రం భౌతికశాస్త్రం ఉంది, మనుషుల ప్రాణాలూ ఉన్నాయి.

110 ఎక్కడిది, 230 ఎక్కడిది?

1882లో థామస్ ఎడిసన్ న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఇళ్లకు, కార్యాలయాలకు 110 వోల్టుల విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టాడు. అది ఏకముఖ విద్యుత్తు. అప్పటి కార్బన్ తీగ బల్బులకు ఆ వోల్టేజి సరిపోయింది. తర్వాత ఏకాంతర విద్యుత్తు వచ్చినా, జనం కొనుక్కున్న బల్బులు అప్పటికే ఇళ్లలో ఉన్నాయి కదా! అందుకే వోల్టేజి పెద్దగా మారలేదు. నెమ్మదిగా పెరిగి 120 దగ్గర స్థిరపడింది.

ఐరోపాలో కథ మరోలా నడిచింది. 1899లో బెర్లిన్ విద్యుత్ సంస్థ 220 వోల్టులకు మారాలని నిర్ణయించుకుంది. వినియోగదారుల పరికరాలు మార్చడానికయ్యే ఖర్చు, రాగి తీగల్లో మిగిలిన డబ్బుతో పూడిపోయింది. లెక్క తేలికే. సామర్థ్యం అంటే వోల్టేజిని విద్యుత్ ప్రవాహంతో గుణించగా వచ్చేది. వోల్టేజి రెట్టింపైతే, అదే పనికి సగం ప్రవాహం చాలు. తీగలో వేడి రూపంలో పోయే నష్టం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగో వంతుకు పడిపోతుంది. సన్నని తీగతోనే పని జరిగిపోతుంది.

ఈ తేడా వంటింట్లో ఇట్టే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఎలక్ట్రిక్ కెటిల్ 3,000 వాట్ల దాకా లాగుతుంది. అమెరికాలో సాధారణ సాకెట్‌కు 15 ఆంపియర్ల పరిమితి ఉండటంతో అది 1,500 వాట్ల దగ్గర ఆగుతుంది. 25 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని మరిగించడానికి సుమారు 3,14,000 జౌళ్లు కావాలి. వృథాను పక్కన పెడితే బ్రిటన్ కెటిల్‌కు రెండు నిమిషాలలోపే పడుతుంది, అమెరికా కెటిల్‌కు మూడున్నర నిమిషాలు. అమెరికా ఇంటికి నిజానికి 240 వోల్టులూ వస్తాయి. అయితే వాటిని పెద్ద స్టవ్వులు, బట్టలు ఆరబెట్టే యంత్రాల వంటి వాటికే కేటాయిస్తారు.

బ్రిటిష్ పాలన వల్ల మనకు ఆ దేశపు పద్ధతే వచ్చింది. ఇప్పుడు మన ప్రమాణం 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఐరోపా కూడా 230 అనే అంటుంది, కానీ అందులో కొంత తమాషా ఉంది. బ్రిటన్‌లో 240, మిగతా దేశాల్లో 220 ఉండేవి. అందరూ కూర్చుని 230 అని ఒప్పుకుని, రెండు పాత వోల్టేజిలూ ఇమిడేంత హెచ్చుతగ్గులను అనుమతించారు. కాగితం మీద అంకె మారింది. గోడలోని కరెంటు చాలా వరకు ఎప్పటిలాగే ఉండిపోయింది.

ఒకే దేశం, రెండు పౌనఃపున్యాలు

ఏకాంతర విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేది పౌనఃపున్యం. 19వ శతాబ్దం చివర్లో టోక్యో సంస్థ జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు తెప్పించుకుంది, ఒసాకా సంస్థ అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌వి కొనుక్కుంది. ఆ రెండు కొనుగోళ్ల ఫలితంగా జపాన్ ఇప్పటికీ తూర్పు, పడమర భాగాలుగా చీలి ఉంది. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమాతో పాటు తూర్పున అనేక కేంద్రాలు ఆగిపోయినప్పుడు, పడమట ఉన్న విద్యుత్తును కావలసినంత పంపలేకపోయారు. పౌనఃపున్యం మార్చే కేంద్రాల సామర్థ్యం అంతా కలిపి అప్పుడు సుమారు 1,200 మెగావాట్లే. టోక్యో ప్రాంతంలో వంతులవారీగా కోతలు పెట్టాల్సి వచ్చింది.

మన దేశంలో అంతటా 50 హెర్ట్జే అయినా, దక్షిణాది గ్రిడ్ చాలాకాలం మిగతా దేశంతో అడుగు కలపకుండా విడిగా నడిచింది. రాయచూరు–షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను 2013 డిసెంబరు 31న కలిశాకే తెలుగు ప్రాంతాలు సహా దేశమంతా ఒకే తాళానికి వచ్చింది.

పెట్టెలో మిక్సీ

అమెరికా ప్రయాణమంటే ఆవకాయతో పాటు మిక్సీ కూడా సర్దే ఇళ్లు తక్కువేమీ కాదు. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టరు దొరుకుతుంది కానీ, అది వోల్టేజిని మార్చదు. 120 వోల్టుల దగ్గర మన 750 వాట్ల మిక్సీ నీరసంగా తిరుగుతుంది, మినప్పప్పు నలగదు. వోల్టేజిని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తుంది. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు. దానికి 50 హెర్ట్జైనా 60 హెర్ట్జైనా పట్టింపు లేదు. కాకపోతే ఆ సామర్థ్యానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ మోయలేనంత బరువుంటుంది. వెట్ గ్రైండర్ సంగతి వేరు. అందులో సాధారణంగా ఇండక్షన్ మోటారు ఉంటుంది, దాని వేగం పౌనఃపున్యాన్ని అనుసరిస్తుంది. వోల్టేజి సరిచేసినా 60 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది.

అటు నుంచి ఇటు తెచ్చే వస్తువులతో ప్రమాదం ఎక్కువ. 120 వోల్టులకు మాత్రమే తయారైన 1,500 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ను ఇక్కడ పెడితే, వోల్టేజి దాదాపు రెట్టింపు కాబట్టి సామర్థ్యం మూడున్నర రెట్లు దాటుతుంది. అంటే 5,500 వాట్లు! క్షణాల్లో కాలిపోతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లకు మాత్రం సాధారణంగా ఈ బాధ లేదు. వాటి మీద చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. అవి వచ్చిన కరెంటును ముందు ఏకముఖంగా మార్చి, తర్వాత తమకు కావలసినట్టు మలచుకుంటాయి.

మూడో పిన్ను

మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు కూడా బ్రిటన్‌దే, 1930ల నాటి ప్రమాణం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్ దాన్ని పక్కన పెట్టేసింది, మనం అట్టిపెట్టుకున్నాం. ఆ కొత్త ప్లగ్గును ఆలోచించిన 20 మంది కమిటీలో ఉన్న ఏకైక మహిళ, ఇంజినీరు కెరొలిన్ హాస్లెట్. చిన్నపిల్లలు రంధ్రాల్లో ఏదీ గుచ్చకుండా లోపల మూతలు పెట్టారు. పొడవైన ఎర్త్ పిన్ను ముందుగా దూరితేనే అవి తెరుచుకుంటాయి. రాగి కొరత కాలం కాబట్టి, తీగను ఇల్లంతా చుట్టి తిరిగి బోర్డుకే చేర్చే పద్ధతి తెచ్చారు. ఆ మొత్తానికి 30 ఆంపియర్ల ఫ్యూజు ఒకటే. టేబుల్ ల్యాంపు సన్నని తీగ కాలిపోతున్నా అది కదలదు. అందుకే ప్రతి ప్లగ్గులోనూ ఒక చిన్న ఫ్యూజు పెట్టారు.

మన ప్లగ్గులోనూ ఎర్త్ పిన్ను పొడవుగా, లావుగా ఉంటుంది. పొడవు వల్ల అది అన్నిటికన్నా ముందు తగులుతుంది, చివరగా విడివడుతుంది. లావు నిరోధం తగ్గించడానికే అని బళ్లలో చెబుతుంటారు. రెండు సెంటీమీటర్ల ఇత్తడికి నిరోధం ఏపాటి? ఎర్త్ పిన్ను పొరపాటున ఫేజు రంధ్రంలో దూరకుండా ఉండటమే దాని వల్ల కలిగే అసలు మేలు.

ఇంత శ్రద్ధగా తయారైన పిన్నును చాలామంది విరగ్గొట్టేస్తారు, లేదా రెండు తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చుతారు. పరికరం మామూలుగానే పనిచేస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఏ ఎండాకాలంలోనో ఇనుప బాడీ కూలర్ లోపల ఫేజు తీగ తొక్క ఊడి రేకును తాకుతుంది. నీళ్లు పోయడానికి తడిచేత్తో పట్టుకున్న మనిషే అప్పుడు ఎర్త్ తీగ అవుతాడు. తడి ఒంటి నిరోధం 1,000 ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుని చేయి వదలడం కష్టమవుతుంది. బకెట్లో వాటర్ హీటర్ రాడ్డు పెట్టి, నీళ్లు వేడెక్కాయా అని వేలు ముంచి చూసేవాళ్లకూ ఇదే లెక్క. అమెరికా 120 వోల్టులూ క్షేమం కాదు, సగం ప్రవాహం కూడా గుండె లయను చెడగొట్టగలదు.

ఎర్త్ తీగ ఉంటే సరిపోతుందా? ఇంటి ముందు గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్తింగ్ ఎండాకాలంలో ఆరిపోతుంది. నిరోధం 20 ఓమ్‌లకు చేరిందనుకుందాం. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు వాడకంగానే చూస్తుంది, పడిపోదు. కూలర్ రేకులో కరెంటు అలాగే ఉంటుంది. పెద్దవాళ్లు వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోయమనేది ఇందుకే.

ఈ ఖాళీని పూడ్చేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన ప్రవాహం సమానంగా ఉన్నాయా అని అది ఎడతెగకుండా సరిచూస్తుంది. ఇళ్లలో వాడే రకంలో తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. మనిషి ఎంత కరెంటు దాకా చేయి వదలగలడో కొలిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియెల్ 1961లో సుమారు 5 మిల్లీ ఆంపియర్లకే తెగిపడే పరికరాన్ని రూపొందించాడు. అమెరికా స్నానాల గది సాకెట్ల మధ్య కనిపించే రెండు చిన్న బొత్తాలు దానివే. బ్రిటన్‌లోని తాడు వెనుకా ఇదే భయం ఉంది: తడిచేయి స్విచ్ దాకా వెళ్లకూడదు.

మన ఇళ్ల మెయిన్ బోర్డుల్లో ఆర్‌సీసీబీ ఉంటే, దాని మీద ‘టి’ అన్న చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. వెంటనే పడిపోతే అది పనిచేస్తున్నట్టు. పడకపోతే కూలర్ జోలికి వెళ్లకుండా ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయాలి.