తొలి గెలాక్సీల చదువుకు ఫౌండేషన్ కోచింగ్ ఎందుకు?

తిరుమలగిరి లాంటి మండల కేంద్రాల తల్లిదండ్రులు తరచూ అడిగేది ఇదే: "మా పిల్లకు అంతరిక్షమంటే పిచ్చి సార్, ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తే నాసాకు పోతదా?" వద్దు. హాస్టల్లో పడేసి, తెల్లవారుజామున లేపి, రాత్రిదాకా బిట్లు బట్టీ పట్టిస్తే ఉన్న ఇష్టం కూడా చచ్చిపోతుంది.

ఆ పిల్ల ఇష్టపడుతున్న శాస్త్రం ఏమిటో ముందు చూడండి. తొలి గెలాక్సీల కథే తీసుకోండి. బిగ్‌బ్యాంగ్ జరిగిన 3.8 లక్షల ఏళ్లకు విశ్వం చల్లబడి హైడ్రోజన్ పరమాణువులు ఏర్పడ్డాయి. తర్వాత పుట్టిన తొలి గెలాక్సీల అతినీలలోహిత కాంతి ఆ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టింది. అదే పునరయనీకరణ. సుమారు 100 కోట్ల ఏళ్ల నాటికి అది ముగిసింది. ఎప్పుడు మొదలైంది, ఏ గెలాక్సీల వల్ల జరిగింది అన్నది ఇంకా తేలాలి. బిగ్‌బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్లలోపే వెలిగిన ఒక గెలాక్సీ 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కు దొరికింది.

ఈ పని అమెరికాలోనే జరగదు. బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తమ 'సారస్ 2' రేడియో యాంటెన్నాను అనంతపురం ప్రాంతంలోని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ దగ్గరకు తెచ్చి నిలిపారు. ఆనాటి హైడ్రోజన్ సంకేతం మనల్ని చేరేసరికి సాగిపోయి, ఎఫ్ఎం రేడియో తరంగాల దరిదాపుల్లో పడుతుంది. అందుకే స్టేషన్ల గోల తక్కువున్న చోటు కావాలి. పునరయనీకరణ మరీ వేగంగా జరిగిందనే కొన్ని అంచనాలు తప్పని 2017 నాటి సారస్ 2 ఫలితాలు తేల్చాయి.

ఈ దారిలోకి రావడానికి అర్హత ఇంటర్ ఎంపీసీ. ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి తిరుపతి ఐసర్‌లో చేరడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి. సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ పేరుతో ఏడాది పోగొట్టకండి. డిగ్రీ అడ్మిషన్ల దోస్త్‌లో ప్రభుత్వ కాలేజీ ఎంచుకుని ఫిజిక్స్, మ్యాథ్స్ చదివించండి. తర్వాత ఉస్మానియాలో ఆస్ట్రానమీ ఎమ్మెస్సీ, లేదంటే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి వేరేచోట ఫిజిక్స్. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు వస్తాయి.

నాసా టూర్లు, స్పేస్ క్యాంపు సర్టిఫికెట్ల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. వడ్లమ్మిన డబ్బు వాటికి పెట్టకండి. రాకెట్ ముందు దిగిన ఫొటో చూసి పీహెచ్‌డీ సీటు ఎవరూ ఇవ్వరు. అక్కడ అడిగేది క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టిక్స్.

ఇంకో మాట, పిల్లలకే. ఇది టెలిస్కోప్‌లో కన్నుపెట్టి చూసే ఉద్యోగం కాదు. రోజంతా కంప్యూటర్ ముందే పని. పోస్టులు తక్కువ, పక్కా ఉద్యోగం దొరికేసరికి వయసు ముప్పై దాటుతుంది. ఇంటికి తొందరగా జీతం కావాలంటే ఎమ్మెస్సీ తర్వాత లెక్చరర్‌గానో, డేటా ఉద్యోగంలోనో స్థిరపడొచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

జేమ్స్ వెబ్ తీసిన డేటా చాలామటుకు ఏడాదిలోపే ఉచితంగా అందరికీ అందుతుంది. ఫౌండేషన్‌కు కట్టాలనుకున్న ఫీజు దాచిపెట్టి, డిగ్రీలో చేరాక ఒక ల్యాప్‌టాప్ కొనివ్వండి. పైథాన్ నేర్చుకుని ఆ డేటా మీద తనే పని మొదలుపెడుతుంది.