చేపల వేటకు హద్దు దాటే మన పిల్లలకు

మనది మెట్ట. ఉదయగిరి కొండ కింద పుట్టినవాడు సముద్రం చూడాలంటే కావలి దాటి తుమ్మలపెంటకో, నెల్లూరు దాటి మైపాడుకో పోవాల్సిందే. మనకు తెలిసిన చేప గండిపాలెం చేప, అనంతసాగరం చెరువు చేప, సోమశిల నీళ్లలో పుట్టి మీద తిరిగి పట్టిన బొచ్చె, శీలావతి. అయినా సముద్రం మీద దేశాల హద్దుల గురించి మన ఊళ్లలో ఎవరో ఒకరు మాట్లాడక తప్పని రోజులు వచ్చాయి. వానలు మొహం చాటేసిన ఏళ్లు మన ఇళ్లలోని మగపిల్లల్నీ ఆడపిల్లల్నీ కువైట్‌కి తోలాయి. అక్కడ శుక్రవారం సెలవు దొరికితే మన పిల్లలు గాలం పట్టుకుని ఒడ్డుకు పోతారు. కొన్నాళ్లకు తెలిసినవాడి పడవ ఎక్కుతారు. ఇంకా ధైర్యం వస్తే కారేసుకుని సౌదీ ఒడ్డుకు పోదామంటారు.

నేను కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి, వయసు మళ్లాక ఆత్మకూరు చేరాను. ప్రయాణానికి ముందు అనుమసముద్రంపేట దర్గాకి పోయి మొక్కుకునే పిల్లలు అట్నుంచి అటే మా ఇంటికి కూడా వస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. గీత కనపడదు, కాపలా ఉంటుంది

ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా, ఆ దేశానిదే పూర్తి అధికారం. 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద హక్కు దానిదే. మన తూర్పు తీరంలో ఎదురుగా ఖాళీ సముద్రం కాబట్టి ఈ లెక్క మనకు తట్టదు. కువైట్ దగ్గర అలా కాదు. గల్ఫ్ సముద్రం పైకి పోయేకొద్దీ ఇరుకైపోతుంది. కువైట్, ఇరాక్, ఇరాన్ మూడూ ఒకే మూలలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఎవరికీ 200 మైళ్లు దక్కే చోటు లేదు.

కువైట్ ఉత్తరాన బుబియాన్ దీవి, దాని పక్కన ఖోర్ అబ్దుల్లా అనే పాయ ఉన్నాయి. కువైట్, ఇరాక్ మధ్య హద్దును 1993లో ఐక్యరాజ్యసమితే గీసిపెట్టింది. ఆ పాయలో పడవల రాకపోకల మీద రెండు దేశాలూ 2012లో ఒప్పందం చేసుకున్నాయి. 2023 సెప్టెంబరులో ఇరాక్ సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని ఆమోదించిన చట్టం చెల్లదని చెప్పింది. ప్రభుత్వాలకే తెగని తగవు ఉన్న నీళ్లలోకి, దారి చూపే జీపీఎస్ కూడా లేని చిన్న పడవలో పోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

నాకు తెలిసిన కొందరు ఒక శుక్రవారం అలాగే పోయారు. మధ్యాహ్నానికి ఇంజను ఆగిపోయింది. పోటు వాళ్లను ఉత్తరానికి లాక్కుపోయింది. అదృష్టం బాగుండి హద్దు దాటకముందే కువైట్ కోస్ట్‌గార్డు చూసింది. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, జేబులో ఉన్నవాళ్లు వివరాలు రాయించుకుని సాయంత్రానికి గదికి చేరారు. ఆకామా, అంటే నివాస అనుమతి, గడువు తీరిపోయిన ఒక పిల్లోడిని మాత్రం అటునుంచే డిపోర్టేషన్ కేంద్రానికి పంపారు. వాడి పెట్టె, బట్టలు, అప్పుడప్పుడూ కొని దాచుకున్న సామాను గదిలోనే ఉండిపోయాయి.

2. శ్రీకాకుళం వాళ్లకు జరిగింది తెలుసుకోండి

ఇది సినిమాగా వచ్చింది. 2025 ఫిబ్రవరి 7న విడుదలైన 'తండేల్' చూసినవాళ్లు పాటలు గుర్తుపెట్టుకున్నారు. నేను చెప్పేది పాటల వెనక ఉన్న సంగతి.

శ్రీకాకుళం జిల్లాలో తీరం పొడుగ్గా ఉంది కానీ పెద్ద పడవలు నిలిపే వసతి లేదు. అందుకే అక్కడి మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి, అక్కడి యజమానుల బోట్ల మీద నెలజీతానికి వేటకు పోతారు. కువైట్‌కు మనం పోయినట్టే వాళ్లూ పొట్టకోసం పోతున్నారు. 2018 నవంబరులో ఆ బోట్లలో కొన్ని పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లాయని ఆ దేశపు సముద్ర రక్షణ దళం పట్టుకుంది. కె.మత్స్యలేశం, డి.మత్స్యలేశం వంటి ఊళ్లకు చెందిన 20 మందికి పైగా మనవాళ్లు కరాచీ జైలుకు పోయారు. ఆ ప్రాంతంలో సర్ క్రీక్ అనే 96 కిలోమీటర్ల పాయ మీద రెండు దేశాలకీ దశాబ్దాలుగా తగవు ఉంది. అక్కడ హద్దు ఎక్కడని అడిగితే ఒక్కో దేశం ఒక్కో చోటు చూపిస్తుంది. కూలికి పోయినవాడు ఎవరి మాట నమ్మాలి?

సముద్ర చట్టంపై 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 73వ అధికరణం ఉంది. ఒక దేశపు ఆర్థిక మండలంలో, అంటే పైన చెప్పిన 200 మైళ్ల నీళ్లలో, పరాయి దేశస్థులు చేపలు పట్టి చిక్కితే, పూచీకత్తు తీసుకుని పడవనూ మనుషులనూ త్వరగా వదలాలనీ, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకుంటే జైలుశిక్ష వేయకూడదనీ అది చెబుతుంది. భారత్, పాకిస్తాన్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నవే. అయినా ఏడాదికి పైగా మన శ్రీకాకుళం బిడ్డలు జైల్లో ఉన్నారు. మధ్యలో 2019లో పుల్వామా, బాలాకోట్ దాడులు, ఆ తర్వాత ఆర్టికల్ 370 రద్దు. రెండు దేశాల మధ్య ఒక్కో గొడవ వచ్చినప్పుడల్లా, చేపలు పట్టడం తప్ప వేరే ఎరగని మనుషుల విడుదల వెనక్కి పోయింది.

వాళ్లను బయటికి తెచ్చింది ఇంటి ఆడవాళ్లు. గుమ్మాలు ఎక్కి, దిగి, అర్జీలు ఇచ్చారు. పాదయాత్రలో ఉన్న జగన్‌మోహన్ రెడ్డిని కలిసి చెప్పుకున్నారు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక రాష్ట్రం కేంద్రం వెంటపడింది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన నేల మీద కాలుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆ ఆడవాళ్ల ఓర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ తర్వాతైనా ఇది ఆగిందా అంటే ఆగలేదు. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లా మత్స్యకారులు బంగ్లాదేశ్ జలాల్లోకి పోయి అక్కడ పట్టుబడ్డారు.

3. సౌదీకి శుక్రవారం ట్రిప్పు వేసేవాళ్లు కాగితాలు ముందు చూసుకోవాలి

కువైట్ సిటీ నుంచి దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్లు పోతే నువైసీబ్ చెక్‌పోస్టు. అది దాటితే సౌదీలోని ఖఫ్జీ. రెండు గంటల్లో వచ్చే పరదేశం అది. అక్కడి సముద్రంలో చేప ఎక్కువ పడుతుందని మనవాళ్లు చెప్పుకుంటారు.

ఒకప్పుడు ఆ గేటు దాటడం కూలివాడికి కలలో మాట. వీసా కొన్ని హోదాల ఉద్యోగాల వాళ్లకే ఇచ్చేవారు. 2023 మార్చి నుంచి గల్ఫ్ దేశాల్లో ఆకామా ఉన్నవాళ్లు ఏ పని చేస్తున్నా ఆన్‌లైన్లో సౌదీ టూరిస్ట్ వీసా పెట్టుకోవచ్చు. ఆకామాకు కనీసం 3 నెలలు, పాస్‌పోర్టుకు కనీసం 6 నెలలు గడువు మిగిలి ఉండాలి. ఇళ్లలో పనిచేసేవాళ్లు మాత్రం కఫీల్‌తో, అంటే స్పాన్సరు యజమానితో, కలిసే ప్రయాణం చేయాలి. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు. మన ఉదయగిరి, వింజమూరు, సీతారాంపురం వైపు నుంచి పోయినవాళ్లలో ఇంటి వీసా మీద పోయినవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి. 2025 జూలై 1 నుంచి కువైట్‌లో ఆర్టికల్ 18 ఆకామా ఉన్నవాళ్లు, అంటే కంపెనీ వీసా వాళ్లు, దేశం దాటాలంటే ముందుగా కంపెనీ ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఇండియాకు పోవడానికే కాదు, ఒక్క పూట సౌదీకి పోయి రావడానికీ ఇది వర్తిస్తుంది. గేటు దగ్గర నిలబడి మేనేజరుకు ఫోన్లు చేస్తే శుక్రవారం ఎవరూ ఎత్తరు. ముందురోజే తీసిపెట్టుకోండి. సొంత కారు కాకపోతే బండి యజమాని అనుమతి పత్రం, సౌదీలో చెల్లే ఇన్సూరెన్సు కూడా కావాలి.

వీసా వచ్చినంత మాత్రాన చేపలు పట్టుకోవచ్చని కాదు. సౌదీ తీరం వెంట సరిహద్దు దళం కాపలా కాస్తుంది. అనుమతి లేకుండా పడవ ఎక్కితే వీసా మిమ్మల్ని కాపాడదు.

పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లో పెట్టుకుని ఇవ్వకపోతే? కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు పడ్డ బాధ నేను కళ్లారా చూశాను. యజమానులు పారిపోయారు, వాళ్లతోపాటు తాళాలూ పోయాయి. లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా ఎయిర్ ఇండియా తెచ్చింది. ఆ విమానాల కోసం నిలబడ్డ లైన్లలో ఎవరు ఎవరో నిరూపించుకోవడమే సగం కష్టం.

4. ఇంటి వీసా మీద పడవ పని వద్దు

సరదాగా పోవడం వేరు, పని చేయడం వేరు. "రెండు రాత్రులు బోటు మీద వస్తే చాలు, ఇన్ని దీనార్లు" అని ఎవడో అంటాడు. ఇంటి పని వీసా ఉన్నవాడు బోటు మీద దొరికితే ఆకామా ఉల్లంఘన కింద కేసు పెట్టి పంపేస్తారు. మళ్లీ గల్ఫ్ ముఖం చూడనివ్వరు. దెబ్బ తగిలినా అడిగేవాడుండడు. మత్స్యకారుడిగా పోవాలనుకుంటే ఆ పని పేరుతోనే వీసా, ఒప్పంద పత్రం తీసుకుని పోండి.

మన ఊళ్లలో తిరిగే ఏజెంట్ల గురించి ఒక్క మాట. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ జీఎస్టీ కాకుండా 30,000 రూపాయలే. ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద పోయేవాళ్లు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పకుండా కట్టాలి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, ఆపైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. దాన్ని ఎగ్గొట్టి విజిట్ వీసా మీద పంపేవాడి మాట వినొద్దు.

5. చేపలకూ అక్కడ చట్టం ఉంది

మన రాష్ట్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలేయాలన్నదే కారణం. కువైట్‌లోనూ అంతే. మనం చందువ అనే చేపను వాళ్లు జుబైదీ అంటారు. అది గుడ్లు పెట్టే కాలంలో దాన్ని పట్టకూడదు. రొయ్యకు వేరే కాలం. కాలం తెలుసుకోకుండా వల వేస్తే జరిమానా, పరాయిదేశస్థుడికి ఇంటికి టికెట్టు కూడా.

అక్కడ సబూర్ అనే చేప దొరుకుతుంది. గోదావరి జిల్లాల వాళ్లు ప్రాణం పెట్టే పులస అదే జాతి. గల్ఫ్ నుంచి షత్ అల్ అరబ్ నదిలోకి ఎదురీది గుడ్లు పెడుతుంది. కువైట్ గదిలో మామిడికాయ వేసి నెల్లూరు పులుసు పెడితే తినేవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. చేపల మార్కెట్లో కొనుక్కున్నా అదే రుచి వస్తుంది.

6. పట్టుబడితే

పరుగెత్తొద్దు. అబద్ధం చెప్పొద్దు. ఫోను సముద్రంలో పడేయొద్దు. అలా పడేయడం చూసే ముందుగా అనుమానిస్తారు. అరబీలో రాసిన కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టొద్దు. "ఇండియన్ ఎంబసీ" అని గట్టిగా అడగండి. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం నిర్బంధంలో ఉన్న పరాయిదేశస్థుడికి తన రాయబార కార్యాలయంతో మాట్లాడే హక్కు ఉంది. పాకిస్తాన్‌తో అయితే 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీలు, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ జాబితాలో పేరు ఎక్కితేనే మనిషి లెక్కలో ఉన్నట్టు. పేరు, తండ్రి పేరు, ఊరు పాస్‌పోర్టులో ఉన్నట్టే చెప్పండి. మారుపేరు చెబితే ఇక్కడ పోలీసులు విచారించినప్పుడు అలాంటివాడు మా ఊళ్లో లేడంటారు. విడుదల అక్కడే ఆగిపోతుంది.

7. ఎక్కడికి పోతున్నావో ఇంట్లో చెప్పు

పడవ ఎక్కే ముందు ఎవరి పడవ, ఏ ఒడ్డు నుంచి, ఎప్పటికి తిరిగి వస్తావు, ఎవరెవరు వస్తున్నారు, ఈ నాలుగూ గదిలో ఒకరికి, ఊళ్లో ఒకరికి మెసేజ్ పెట్టు. భయపడతారని ఇంట్లో చెప్పకపోవడం మన పిల్లల్లో ఎక్కువ. చెప్పనివాడు తప్పిపోతే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు.

అమ్మానాన్నలకు, భార్యలకు నా మనవి. మీవాడి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సు, వీసా, కువైట్ బతాకా నకలు, కఫీల్ లేదా కంపెనీ పేరు, ఫోన్ నంబరు, బీమా కాగితం ఒక కవర్లో పెట్టి ఇంట్లో ఉంచుకోండి. ఆకామా గడువు ఎప్పుడు తీరుతుందో దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఏదైనా జరిగితే విదేశాంగ శాఖ వాళ్ల మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టడానికి ఇవన్నీ కావాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలెవరైనా పావుగంటలో పెట్టిస్తారు. ఈ కవరు తయారు చేయకుండా మీ బిడ్డను బస్సు ఎక్కించొద్దు.