పాఠశాల సాగు మడులపై పరిసర భూవినియోగ ప్రభావం - అధ్యయన విధానం

పాఠశాలల్లో పోషకాహార తోటల పెంపకానికి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2019లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఈ తోటల్లో పండిన ఆకుకూరలు, కాయగూరలు మధ్యాహ్న భోజనానికి ఉపయోగపడతాయి. విద్యార్థులకు ఇవే తొలి ప్రయోగ క్షేత్రాలు కూడా. అయితే ఒకటి రెండు సెంట్ల మడిలో అంచు ప్రభావానికి లోనుకాని లోపలి భాగం చాలా స్వల్పం. అందువలన ఎరువు లేదా రకం వలన వచ్చినట్లు నమోదైన తేడా, వాస్తవానికి ప్రహరీ అవతలి పొలం వలన వచ్చినది కావచ్చు.

ప్రభావం చూపే మార్గాలు

ప్రత్తి, బెండ ఒకే కుటుంబానికి చెందిన పంటలు. పచ్చదోమ, తెల్లదోమ, మచ్చల కాయతొలుచు పురుగు రెండింటినీ ఆశిస్తాయి. కనుక ప్రత్తి చేను పక్కనున్న బడిలో బెండపై పురుగు ఉధృతి ఆ మడి యాజమాన్యాన్ని మాత్రమే సూచించదు. మొక్కజొన్నలో పిచికారీ చేసిన 2,4-డి కలుపు మందు గాలికి కొట్టుకువచ్చినపుడు టమాట ఆకులు సన్నబడి మెలితిరుగుతాయి. ఈ లక్షణాలను వైరస్ తెగులుగా పొరబడే అవకాశం ఉంది. వరి పొలం నుండి ఊటనీరు, గట్లపై నీలగిరి చెట్ల నీడ, వేళ్ల పోటీ కూడా దిగుబడిని తగ్గిస్తాయి.

బీడు భూములను కూడా విస్మరించరాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్లలో దెబ్బతీసింది. వైరస్‌కు ఆశ్రయమిచ్చినది బాటల వెంట, బంజర్లలో పెరిగిన వయ్యారిభామ. దాని పుప్పొడి, తామర పురుగుల ద్వారా వైరస్ పంటకు చేరినది.

అధ్యయన విధానం

విత్తుటకు ముందే మడి చుట్టూ 500 మీటర్ల వరకు ఎనిమిది దిక్కులలో పంటలు, చెట్లు, బీళ్లు, చెరువులు, రహదారులను పటంలో గుర్తించాలి. ఖరీఫ్, రబీలకు వేర్వేరు పటాలు అవసరం. ఖరీఫ్‌లో నైరుతి గాలులు, రబీలో ఈశాన్య గాలులు వీచుట వలన ప్రభావం చూపే పొలం కూడా మారుతుంది. పొరుగు రైతుల పిచికారీ తేదీలను నమోదు చేయాలి. పసుపు రంగు జిగురు అట్టలను నాలుగు అంచులలోను, మధ్యలోను అమర్చి వారానికొకసారి పురుగులను లెక్కించాలి. నీడ లేదా ఊట ఒకవైపు నుండి వచ్చునపుడు బ్లాకులను ఆ దిశకు అడ్డంగా ఏర్పరచి, ప్రతి బ్లాకులోను అన్ని చికిత్సలు ఉండునట్లు చూడాలి. అంచు వరుసల దిగుబడిని విడిగా తూచాలి.

ఒక బడిలో నాలుగు పునరావృతాలున్నప్పటికీ పరిసరం ఒక్కటే. భూవినియోగ ప్రభావాన్ని నిర్ధారించుటకు లెక్కించవలసినది మడుల సంఖ్య కాదు, పాఠశాలల సంఖ్య. నేల, వర్షపాతం ఒకే తీరుగా ఉండి, పరిసర పంటలు మాత్రమే భిన్నమైన పాఠశాలలను జతలుగా ఎంచుకొనుట మేలు.

విస్తరణకు సూచనలు

పిచికారీ తుంపర పడిన ఆకుకూరలను వంటశాలకు పంపరాదు. పిచికారీకి ముందురోజే తెలియజేసేలా పొరుగు రైతులతో అవగాహన కుదుర్చుకోవాలి. సరిహద్దున జొన్న లేదా సజ్జ వరుసలు వేస్తే ఎగిరివచ్చే పురుగులు కొంత తగ్గుతాయి. పరిసర పటం లేని ఫలితాల ఆధారంగా ఒక రకాన్ని గాని, ఎరువును గాని రైతులకు సిఫారసు చేయుట సమంజసం కాదు.