నీళ్లు కొలిచి గదులు కట్టండి

పెనుకొండ

చి.ల.సౌ. మేనకోడలికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.  

పాపా, నీ జాబు అందింది. నువ్వూ అల్లుడూ బెంగళూరు ఉద్యోగాలు వదిలి లేపాక్షి దారిలో ఉన్న మీ నాయన చేనుకు వచ్చేస్తున్నామని రాశావు. రెండు పాడి ఆవులు, కొన్ని గొర్రెలు, నాటుకోళ్లు, కూరగాయల తోట పెట్టుకుంటామని, పక్కనే మూడు గదులు కట్టి సెలవులకు వచ్చేవాళ్లకు ఇస్తామని చదివి చాలా సంతోషపడ్డాను. బీడు పెట్టిన చేనులో మళ్లీ మనిషి అలికిడి వినబడుతుందంటే ఇంతకన్నా ఏం కావాలి? ఆ పని చెయ్యగల ఓపిక, తెలివి మీ ఇద్దరికీ ఉన్నాయి. అయితే నువ్వు పంపిన ప్లానులో ముందు గదులు, ఆ తర్వాత ఈతకొలను, తర్వాత పశువుల కొట్టం, అన్నిటికన్నా చివర బోరు పని ఉన్నాయి. ఆ వరస మొత్తం తిరగెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన సీమలో ఏ పనికైనా నీళ్లే మొదటి లెక్క. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు వచ్చాక పెనుకొండ వైపు కొంచెం తెరిపి కలిగింది గానీ, నీ చేనుకు ఆధారం ఇప్పటికీ బోరే.

లెక్క నువ్వే వేసి చూడు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ప్రభుత్వ లెక్క. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద 55 లీటర్లు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు పల్లెలో దిగినా పట్టణం లెక్కనే వాడతారు. ఎండాకాలంలో పాడి ఆవు రోజుకు అరవై, డెబ్బై లీటర్లు తాగుతుంది. గొర్రెకు ఐదు నుంచి ఎనిమిది లీటర్లు చాలు. అంటే ఒక్క అతిథి వాడే నీళ్లు రెండు ఆవుల దాహం తీరుస్తాయి. మూడు గదులూ నిండితే ఆరుగురికి రోజుకు 810 లీటర్లు. దుప్పట్లు ఉతకడం, వంట, తోట దీనికి అదనం.

అందుకే వచ్చే ఏప్రిల్ చివర, భూమిలో నీళ్లు బాగా అడుగంటినప్పుడు, బోరు ఆడించి చూడు. రెండు వందల లీటర్ల డ్రమ్ము ఎన్ని నిమిషాల్లో నిండుతుంది? ఎన్ని గంటల తర్వాత ధార సన్నబడి పైపు గాలి పీలుస్తుంది? ఈ రెండూ పుస్తకంలో రాసిపెట్టు. ఆ లెక్కన రోజుకు వచ్చే నీళ్లలోంచి మీ ఇంటికి, పశువులకు, తోటకు ముందు తీసెయ్యి. మిగిలినదాన్ని 135తో భాగిస్తే నీ ఇంట్లో ఎంతమంది అతిథులు పడతారో తేలుతుంది. ఇద్దరే అని తేలితే ఒక్క గదే కట్టు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఈతకొలను మాత్రం వద్దే వద్దు. ఎనిమిది మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు, నాలుగు అడుగుల లోతు కొలను ఒకసారి నిండడానికి 38,000 లీటర్లు దాటుతాయి. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదంతా పడే వానను ఒడిసిపట్టినా, పారిపోయింది పోగా దక్కేది 44,000 లీటర్లు. అంటే ఏడాది వాన దాదాపు ఆ కొలనుకే సరిపోతుంది. ఎండకు రోజుకు ఆరేడు మిల్లీమీటర్లు ఆవిరైనా, రోజూ రెండు వందల లీటర్లు గాలిలో కలుస్తాయి. దాని బదులు బోరు దగ్గర నడుము లోతు సిమెంటు తొట్టి కట్టించు. పిల్లలు సబ్బు లేకుండా అందులో ఆడుకుంటారు, ఆ నీళ్లే మర్నాడు తోటకు పారతాయి. స్నానాల నీళ్లు అరటి, బొప్పాయి పాదులకు తిప్పు. మిద్దె మీది వాననీళ్లకు తొట్టి, బోరు పక్కన ఇంకుడుగుంత, ఈ రెండూ గది పునాది కన్నా ముందే కావాలి.

ఇంకో మాట నీకు కష్టంగా తోచవచ్చు. బడి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, గిరాకీ అప్పుడే ఎక్కువ. మన నీళ్లు అడుగంటేదీ అప్పుడే. ఆ రెండు నెలలు గదులు మూసిపెట్టు, లేదా ఒక్కటే ఇవ్వు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నీ కాలం. హిందూపురం కాస్త ఎత్తు మీద ఉంది గనుక ఆ నెలల్లో చలి హాయిగా ఉంటుంది, తోట పచ్చగా ఉంటుంది, అనపకాయలు కాస్తాయి.

ఇక కట్టడం. రామగిరి గాలిమరలు చూశావు గదా, ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి మన దగ్గర ఎంత జోరుగా వీస్తుందో వాటిని చూస్తేనే తెలుస్తుంది. గదులు పడమర దిక్కున, కొట్టం, పేడదిబ్బ తూర్పు దిక్కున పెడితే ఆ గాలికి వాసన, ఈగలు అతిథుల మీదికి రావు. మధ్యన వంద అడుగులైనా ఎడం ఉండాలి. మరుగుదొడ్డి గుంత బోరుకు దూరంగా, పల్లంలో ఉండాలి. రాతి గోడలు, మట్టి మిద్దె మన ఎండకు సరిపోతాయి. బోదగడ్డి కప్పిన గది అందంగా ఉంటుంది గానీ నిప్పు భయం ఎక్కువ. గడ్డివామిని గదుల దగ్గరికి రానివ్వకు, అందులో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. అతిథికి గది తాళంతో పాటు టార్చి లైటు ఇవ్వు. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కుని గోడ మీద రాసిపెట్టు. కొండపక్క ఊళ్లలోకి ఎలుగుబంట్లు, చిరుతలు దిగడం మనకు కొత్త కాదు గనుక పొద్దు వాలగానే గొర్రెలు దొడ్డిలోకి, కోళ్లు గూట్లోకి చేరాలి.

పశువుల వేళలు ఎవరి కోసమూ మారకూడదు. ఉదయం పాలు తీసే వేళకు అతిథి కాఫీ అడిగితే కాఫీయే ఆగాలి. పొదుగు ఆలస్యమైతే ఆవు బాధపడుతుంది, రోజూ అలాగే జరిగితే పాలు తగ్గుతాయి, పొదుగువాపు వస్తుంది. అందుకని వచ్చేవాళ్లను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల రమ్మని చెప్పు. ఆ తర్వాత నువ్వు కొట్టంలో ఉంటావు. చూడాలనుకునేవాళ్లు రావచ్చు, కానీ ఇద్దరు ముగ్గురికి మించి వద్దు. ఆవుకు కనబడేలా నిలబెట్టు, గొంతు తగ్గించమను. నువ్వు వెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, మొదటి ధారలు వేరే గిన్నెలో పిండి, పాలలో తెల్లటి గడ్డలు ఉన్నాయేమో చూసి, అప్పుడు పాలకుండ తీసుకుంటావు. ఆ పద్ధతిని నింపాదిగా చూపిస్తే పట్నం పిల్లలకు అంతకు మించిన వినోదం అక్కర్లేదు. పచ్చిపాలు మాత్రం ఎవరికీ తాగించకు, ఎంత బతిమాలినా కాచి ఇవ్వు.

మేత విషయంలో మొహమాటపడకు. ఇంట్లో మిగిలిన అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు ప్రేమతోనే పెడతారు. గొర్రె ఒక్కసారిగా అన్నం ఎక్కువ తింటే కడుపు పులిసి, ఉబ్బి, ఒక్క రాత్రిలో పోతుంది. చెనక్కాయ కట్టె చిన్న కట్టలుగా కట్టి నీ చేత్తో అతిథులకు ఇవ్వు, అదే పెట్టనివ్వు. ప్లాస్టిక్ కవర్లు చేను గేటు దాటి లోపలికి రాకూడదు. బూజు పట్టిన చెక్క దాణాలో కలపకు.

పది ఊళ్లు తిరిగిన చెప్పులతో వచ్చేవాళ్లుంటారు గనుక జబ్బుల జాగ్రత్త మామూలు రైతు కన్నా నీకు రెట్టింపు ఉండాలి. కొట్టం వాకిట్లో సున్నం చల్లిన తొట్టి పెట్టి అందులో అడుగు వేసే లోపలికి రమ్మను. వానలకు ముందు గొర్రెలకు చిటుకు రోగం టీకా, పారుడు రోగం టీకా, నట్టల మందు వేయించు. ఆవులకు ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా వేయించాలి. కోడిపిల్లలకు మొదటి వారంలోనే కంట్లో లసోటా చుక్క వెయ్యాలి, ఎనిమిది వారాలకు కొక్కెర తెగులు టీకా పొడిపించాలి. సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది, ఫోనులో దాచుకో. కొత్తగా కొన్న గొర్రెను మూడు వారాలు మందలో కలపకు.

మీ పక్క చేనులో మల్బరీ ఉంది, పట్టుపురుగుల షెడ్డు ఉంది. వాళ్ల పంట హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు పోవాలి, ఆ ఇంటికి అదే జీతం. నీ అతిథుల సెంటు, సిగరెట్టు పొగ, దోమల చుట్ట ఆ పురుగులకు విషం. తలుపు తీసిపెడితే ఊజీ ఈగ లోపలికి దూరుతుంది. వాళ్లు పిలిస్తే తప్ప ఎవరినీ అక్కడికి తీసుకుపోకు. నీ కూరగాయలకు కొట్టే మందు, వేపనూనె అయినా సరే, గాలికి వాళ్ల ఆకు మీద పడకూడదు. అందుకే తోటను వాళ్ల గట్టుకు దూరంగా వేసుకో.

తోట పెద్దదిగా వద్దు. వంగ, బెండ, టమాట, ఆకుకూరలకు డ్రిప్పు వేసి, మొదళ్లలో చెత్త పరుచు. గట్ల మీద మునగ, కరివేపాకు, సీతాఫలం, వేప, కానుగ పెట్టు. వంటకు దాన్నే నమ్ముకో. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం రాగి సంగటి, చెనక్కాయల పచ్చడి, అనపగింజల పులుసు, చల్లటి మజ్జిగ. ఆ కాలంలో కాసిందే వండుతామని ముందే చెప్పెయ్యి. గొర్రెపిల్లను పిల్లలు ముద్దు చేసుకుంటున్నప్పుడు ఇది సంతకు పోతుందా అని అడిగితే అబద్ధం చెప్పకు. మనకు జీవాలంటే ప్రేమ ఉంది, వాటి మీద బతుకూ ఉంది. ఆ రెండూ నెమ్మదిగా చెబితే పిల్లలకు అర్థమవుతుంది.

ఊళ్లు చూపించే పని నీది కాదు, దారి మాత్రం చెప్పు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి ఎలాగూ చూస్తారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తలదాచుకుని రాజధాని చేసుకున్న పెనుకొండకు పంపు, గగన్ మహల్, బాబయ్య దర్గా చూస్తారు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడ గట్టిగా మాట్లాడొద్దని, డ్రోన్లు ఎగరెయ్యొద్దని చెప్పి పంపు. ధర్మవరంలో చీర కొనాలనుకుంటే మగ్గం దగ్గరికే వెళ్లమను. నీ ఇంటికి వచ్చిన డబ్బులో కొంత నేతగానికి, ఆటో అబ్బాయికి, పక్కింటి రొట్టెలామెకు చేరితేనే ఊరు నీ విడిదిని తనదిగా చూసుకుంటుంది.

కాగితాల పని ఆలస్యం చెయ్యకు. కేంద్ర ప్రభుత్వ హోంస్టే పథకంలో యజమాని అదే ఇంట్లో ఉండాలి, గదులు ఆరుకు మించకూడదు. పర్యాటక శాఖలో నమోదు, పంచాయతీ అనుమతి, తిండి పెడతావు గనుక ఆహార భద్రతా నమోదు చేయించు. ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి కొరియా వాళ్లు మన దారిలో తిరుగుతున్నారు, వాళ్లూ రావచ్చు. విదేశీయులు ఎవరు దిగినా 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అప్పు చేసి మాత్రం గదులు కట్టకు. అతిథులు రాని నెలలో కూడా పాలు, గుడ్లు, కూరగాయలు ఇల్లు నడపాలి, గదుల బాడుగ పైన పడే ఆదాయమే కావాలి.

సేద్యం ముందు, అతిథులు తర్వాత అన్నది నా ఒక్కదాని మాట కాదు. ఇటలీలో ఇలాంటి పల్లె విడుదుల కోసం 1985లో చట్టం చేసినప్పుడు సేద్యమే ముఖ్యమని, అతిథుల పని దానికి అనుబంధమని అందులోనే రాసుకున్నారు. మహారాష్ట్రలో బారామతి దగ్గర పాండురంగ్ తావరే మొదలుపెట్టిన వ్యవసాయ పర్యాటకంలోనూ అతిథులు వచ్చేది రైతు ఇంటికే. మన చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారు, ముందు నేలను బాగుచేసుకున్నారు. అల్లుణ్ణి తీసుకుని ఒకరోజు అక్కడికి వెళ్లి రండి. వాన తక్కువ నేలలో ఓపికకు ఏం దక్కుతుందో కళ్లారా చూస్తారు.

పాపా, మన చేను అతిథుల కోసం వేసిన బొమ్మ కాకూడదు. అతిథులు లేని రోజున కూడా అది నిండుగా బతకాలి. అలా బతికే చేనును చూడటానికే జనం వస్తారు, మళ్లీ మళ్లీ వస్తారు. నువ్వు అలసిపోయిన వారం గదులకు తాళం వెయ్యి, పశువుల పనికి ఒక మనిషిని పెట్టుకుని సరైన కూలి ఇవ్వు, నీ పిల్లోడికి కొంత పొద్దు మిగుల్చుకో.

మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు బోరు లెక్క నాకు రాసి పంపు. అది చూసి ఎన్ని గదులో మనం కూర్చుని తేలుద్దాం. ఆవులు కొనే రోజు చెబితే నేనూ వస్తాను, పొదుగు చూసి ఎంచిపెడతాను.

ఇట్లు
ఆశీస్సులతో
మీ అత్త