ముందు సొమ్ము లేక ఇంటి అప్పు

చేతిలో రొక్కము లేకుండ బ్యాంకు ఇంటి అప్పు ఇచ్చునా అని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి నేత సోదరులు మమ్ము అడుగుచున్నారు. పూర్తిగా ఇయ్యదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారము 30 లక్షల వరకు అప్పు ఇంటి వెలలో నూటికి 90 వంతులు మించరాదు. కావున 10 లక్షల ఇంటికి 1 లక్ష మనదే కావలెను.

ఆ లక్షను నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 2,000 రూపాయలు వడ్డీకే పోవును, అసలు తరుగదు. పైగా బ్యాంకు వాయిదా ఉన్నది. 9 లక్షలకు ఏటికి నూటికి 9 చొప్పున, 20 ఏండ్ల గడువుపై నెలకు సుమారు 8,100 రూపాయలు. మగ్గము నిలిచిన నెలలో ఈ రెండును కట్టజాలము. అదే 2,000 నెలనెల పొదుపులో వేసినచో 50 నెలలకు లక్ష చేరును.

2024 సెప్టెంబరు 1 నుండి అమలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 క్రింద, ఎక్కడను పక్కా ఇల్లు లేక, ఏటికి 9 లక్షల లోపు ఆదాయముగల కుటుంబమునకు, మొదటి 8 లక్షలపై నూటికి 4 వంతుల వడ్డీ రాయితీ గలదు. ఇది మొత్తము 1.80 లక్షలు మించదు. 5 వార్షిక వాయిదాలలో అప్పు ఖాతాకే చేరును. కనుక దీనిని ముందు సొమ్ముగా లెక్కింపరాదు.

మనకు జీతపు చీటీ లేదు. కావున కూలిని నేటినుండియే బ్యాంకు ఖాతాలో పుచ్చుకొనుడు. ఆ పాసుపుస్తకమే మన ఆదాయమునకు సాక్ష్యము.