పాత ఆర్కేడ్ ఆటలు - విడిభాగాల వేట

వీడియో గేము అనగానే ఈరోజు మనకు గుర్తొచ్చేది ఫోను, లేదా టీవీకి తగిలించే చిన్న పెట్టె. అంతకు ముందు తరం ఆటలు బీరువా అంతటి చెక్కపెట్టెల్లో ఉండేవి. అమెరికాలో పావు డాలరు నాణెం వేసి, నిలబడి ఆడేవారు. వీటినే ఆర్కేడ్ ఆటలు అంటారు. 1972లో అటారి సంస్థ తన 'పాంగ్' ఆటను మొదట పెట్టి చూసింది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, ఆండీ క్యాప్స్ అనే బారులో. ఈరోజు మనవాళ్ళు ఎందరో కాపురముంటున్న ఊరే అది. కొన్నాళ్ళకే యంత్రం పని చేయడం లేదని కబురొస్తే, దాన్ని తయారు చేసిన అల్ ఆల్కార్న్ వెళ్ళి చూశాడు. తీరా చూస్తే నాణేల డబ్బా నిండిపోయి ఉంది!

ఆ తరం యంత్రాలను బాగు చేసుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. షికాగో శివార్లలో మా గరాజ్‌లో 1981 నాటి 'సెంటిపీడ్' ఒకటుంది. ఇలాంటి యంత్రాల్లో చేతికి తగిలే భాగాలు, అంటే జాయ్‌స్టిక్, బటన్లు, ట్రాక్‌బాల్ పాడైతే వాటి బదులు ఏం కొనాలి, ఎలా వెతకాలి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ప్రోగ్రాము సరే, మరి చేతికి తగిలేది?

ఆట ప్రోగ్రామును కాపాడడం కొంత తేలిక. చిప్పులో ఉన్న సమాచారాన్ని ఫైలుగా తీసుకుంటే ఎన్ని నకళ్ళైనా చేసుకోవచ్చు. 1997లో మొదలైన 'మేమ్' అనే ఎమ్యులేటరు పుణ్యమా అని వేల పాత ఆటలు మామూలు కంప్యూటరు మీద ఆడుతున్నాయి. కానీ జాయ్‌స్టిక్‌కి నకలు తీయలేం కదా. దాని స్ప్రింగు ఎంత బిగువుగా ఉంది, బటన్ ఎంత లోతుకి దిగితే తుపాకీ పేలుతుంది, బంతి ఒక్క తోపుకి ఎంతసేపు తిరుగుతుంది అన్నవి ఏ ఫైలులోనూ ఉండవు. అవి పోతే ఆటలో సగం పోయినట్టే.

పైగా ఈ భాగాలను చేసిన సంస్థలు చాలావరకు లేవు. 1983లో అమెరికా వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. తర్వాత యంత్రాల యజమానులు పాత పెట్టెలకే కొత్త ఆటలు బిగించి, ప్యానెళ్ళకు ఇష్టం వచ్చినట్టు రంధ్రాలు చేశారు. 1991లో 'స్ట్రీట్ ఫైటర్ 2' వచ్చాక ఒక్కో ఆటగాడికి ఆరు బటన్లు కావలసి వచ్చి, ఇంకొన్ని ప్యానెళ్ళు జల్లెడలయ్యాయి. కాబట్టి మీ చేతికి రంధ్రాలు పడని పాత ప్యానెల్ దొరికితే, అది అరుదైన వస్తువేనని గుర్తుంచుకోండి.

కొనే ముందు పరీక్షించండి

చాలా ఆటల్లో జాయ్‌స్టిక్, బటన్ చేసే పని ఒక్కటే: ఒక తీగను గ్రౌండుకి కలపడం. బోర్డు మీదున్న రెసిస్టరు ఆ తీగను 5 వోల్టుల దగ్గర ఉంచుతుంది. బటన్ నొక్కితే అది సున్నాకు పడుతుంది, బోర్డు దాన్ని 'నొక్కారు' అని చదువుకుంటుంది. గ్రౌండు తీగ మాత్రం ఒక స్విచ్చు నుండి ఇంకో స్విచ్చుకి గొలుసులా వెళ్తుంది.

అందుకని ఒక్క బటన్ పని చేయకపోతే ఆ స్విచ్చునే అనుమానించాలి. వరుసగా మూడు నాలుగు ఒకేసారి పోతే స్విచ్చులు కొనకండి, గ్రౌండు గొలుసు ఎక్కడ తెగిందో చూడండి. ప్లగ్గు పీకేసి, మల్టీమీటరును కంటిన్యుటీ మీద పెట్టి స్విచ్చు నొక్కి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకో మాట. పిక్చరు ట్యూబు దగ్గర వేల వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. మన పని ప్యానెల్ వరకే, అటు చేయి పెట్టకండి.

లీఫ్ స్విచ్చు, మైక్రోస్విచ్చు

1980ల తొలినాళ్ళ యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది లీఫ్ స్విచ్చు. రెండు పలుచని లోహపు రేకులు ఆకుల్లా పక్కపక్కన ఉంటాయి. నొక్కినప్పుడు ఒకటి వంగి రెండోదాన్ని తాకుతుంది. చప్పుడు చేయదు. రేకును కొంచెం వంచి దూరం తగ్గిస్తే, వేలు ఇలా తగలగానే పేలుతుంది. బటన్‌ను టపటపా కొట్టాల్సిన ఆటల్లో ఇది చాలా ముఖ్యం.

మైక్రోస్విచ్చు వేరే రకం. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో స్ప్రింగు ఉండి 'టిక్' మని చప్పుడు చేస్తుంది. దూరం సర్దుకునే వీలు లేదు, కానీ మన్నిక ఎక్కువ. దీనికి మూడు కాళ్ళు ఉంటాయి: కామన్, మామూలుగా తెరిచి ఉండేది, మామూలుగా మూసి ఉండేది. గ్రౌండు కామన్‌కి, ఆట తీగ 'తెరిచి ఉండే' కాలికి కలపాలి. ఎలక్ట్రికల్‌గా చూస్తే లీఫ్ బదులు ఇది పెట్టినా బోర్డుకి తేడా తెలియదు. తేడా తెలిసేది మీ వేలికే.

లీఫ్ స్విచ్చు పని చేయకపోతే వెంటనే మార్చెయ్యకండి. ఒక దళసరి కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి, రెండు రేకుల మధ్య పెట్టి, మెల్లగా నొక్కి లాగండి. నల్లటి మురికి వస్తుంది. సగం జబ్బులు దీనితోనే నయమవుతాయి. ఆకురాయితో మాత్రం గీయకండి. మొనల మీదున్న పలుచని పూత పోతే ఆ స్విచ్చు మళ్ళీ త్వరగానే మొరాయిస్తుంది.

నాలుగు దిక్కులా, ఎనిమిదా?

జాయ్‌స్టిక్ కొనేటప్పుడు రంగు, ఎత్తు తర్వాత సంగతి. ముందు అడగవలసిన ప్రశ్న ఇది. 'ప్యాక్-మ్యాన్' (1980) నాలుగు దిక్కుల ఆట. దానికి ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్ బిగిస్తే, మూలకు జరిగినప్పుడు రెండు స్విచ్చులు ఒకేసారి మూసుకుంటాయి. ఆటకు ఏ వైపో అర్థం కాదు, మలుపు తప్పిపోతుంది, దయ్యం పట్టేస్తుంది. 'ప్రాక్టీసు పోయింది' అని ఆడేవాళ్ళు తమనే తిట్టుకుంటారు, అసలు తప్పు జాయ్‌స్టిక్‌ది. 'క్యూ-బర్ట్' (1982)లోనూ నాలుగు దిక్కులే, కానీ జాయ్‌స్టిక్‌ను ఐమూలగా తిప్పి బిగించాలి. 'రోబోట్రాన్: 2084' (1982)కైతే ఎనిమిది దిక్కులవి రెండు కావాలి, ఒకటి నడవడానికి, ఒకటి కాల్చడానికి. కొన్ని కొత్త జాయ్‌స్టిక్‌ల అడుగున ఉండే గేటు పలకను తిప్పి నాలుగుకీ ఎనిమిదికీ మార్చుకోవచ్చు. అలాంటిది కొంటే ఇబ్బంది తక్కువ.

ట్రాక్‌బాల్ లోపల

'సెంటిపీడ్'ను అటారిలో డోనా బెయిలీ, ఎడ్ లాగ్ తయారు చేశారు. దీనికి జాయ్‌స్టిక్ లేదు, 2.25 అంగుళాల బంతి ఉంది. బంతి కింద రెండు రోలర్లు, ఆనిక కోసం ఒక బేరింగు ఉంటాయి. ఒక రోలరు అడ్డంగా, ఇంకోటి నిలువుగా జరిగే కదలికను పట్టుకుంటుంది. ఒక్కో రోలరు చివర పళ్ళ చక్రం, దానికి అటూ ఇటూ కాంతిని పంపేవి, అందుకునేవి రెండు జతలు. చక్రం తిరిగితే రెండు సిగ్నళ్ళు కొంచెం వెనకా ముందుగా వస్తాయి. ఏది ముందొచ్చిందో చూసి ఆట దిశను తెలుసుకుంటుంది. మన పాత బంతి మౌసులోనూ ఇదే పద్ధతి.

ఇది తెలిస్తే జబ్బు పట్టుకోవడం సులువు. మా యంత్రంలో బొమ్మ పైకీ కిందకీ బాగానే వెళ్ళేది, పక్కలకు తోస్తే ఉన్నచోటే వణికేది. రెండు సిగ్నళ్ళలో ఒకటి పోతే దిశ తెలియదు, అందుకే వణుకు. ట్రాక్‌బాల్‌లోని రెండు సెన్సరు బోర్డులను ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూశాను. వణుకు నిలువు వైపుకి మారింది. అంటే జబ్బు సెన్సరు బోర్డుదే, ఆట బోర్డుది కాదన్నమాట. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

బంతి బరువుగా తిరిగితే బేరింగులు మార్చాలి. వీటికి ఆర్కేడ్ దుకాణమే అక్కర్లేదు. బేరింగులు ప్రామాణిక కొలతల్లో వస్తాయి. ఉదాహరణకు స్కేటింగ్ చక్రాల్లో వాడే 608 బేరింగు అంటే ప్రపంచమంతటా లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. మీ బేరింగును క్యాలిపర్‌తో ఈ మూడు కొలతలూ తీసుకుంటే పారిశ్రామిక సరుకు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. రోలరు మీద బంతి రాసుకుని గాడి పడితే మాత్రం రోలరే మార్చాలి. వీటికి కొత్తగా చేసిన నకళ్ళు దొరుకుతున్నాయి. ఒక అమ్మకందారు 'అసలు అటారి సరుకు' అంటూ నాకు పంపినవి కొలిస్తే పాతవాటికన్నా పొట్టిగా ఉన్నాయి, తిప్పి పంపాను. బిగించే ముందు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలవడం మానకండి.

వెతికే వరుస

1. ముందు ఆ ఆట మాన్యువల్ చూడండి. అప్పటి తయారీదారులు విడదీసిన బొమ్మలతో సహా ప్రతి భాగానికీ నంబరు ఇచ్చారు. చాలా మాన్యువళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. పేరుతో కాక ఆ నంబరుతో వెతకండి.

2. వాడకుండా గోదాముల్లో మిగిలిపోయిన పాత సరుకు. ఇల్లినాయ్‌లోని నైల్స్ కేంద్రంగా ఉండిన వైకో సంస్థ ఆ రోజుల్లో ఎన్నో ఆటలకు భాగాలు సరఫరా చేసింది. అలాంటి డబ్బాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. ఒక జాగ్రత్త: వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. జాయ్‌స్టిక్‌ను మధ్యకు తెచ్చే రబ్బరు వలయాన్ని మాత్రం కొత్తదే కొనండి.

3. నకళ్ళు, సమానమైన కొత్త భాగాలు. అమెరికా తరహాలో హాప్, స్పెయిన్‌లో ఇండస్ట్రియాస్ లోరెన్జో, జపాన్‌లో సాన్వా, సేమిట్సు పేరున్నవి.

4. పాడైన ప్యానెళ్ళు. పనికిరాని ప్యానెల్ చవకగా కొంటే అందులోని బ్రాకెట్లు, మరలు, రేకులు అక్కరకొస్తాయి. విడిగా దొరకనివి ఇవే.

5. ఏదీ దొరకకపోతే 3డి ప్రింటింగ్. మూతలకు, చిన్న ఆనికలకు బాగుంటుంది. నిత్యం రాపిడి ఉండే చోట ఎక్కువ కాలం నిలవదు.

రంధ్రం పెంచకండి

అమెరికా బటన్లకు రంధ్రం 1 1/8 అంగుళాలు, అంటే సుమారు 28.6 మిల్లీమీటర్లు. జపాన్ పెద్ద బటన్లకు 30 కావాలి. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు లోపే, అందుకే డ్రిల్లు తీయాలనిపిస్తుంది. మా యంత్రం చూసిన మెకానిక్ కూడా అదే సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. తీగ మారిస్తే మళ్ళీ మార్చుకోవచ్చు, తీసేసిన లోహం తిరిగి రాదు. మా వృత్తిలో పాత సిస్టమ్ మీద చేయి వేసే ముందు వెనక్కి వెళ్ళే దారి ఉందా అని చూస్తాం. ఇక్కడా అంతే. ప్యానెల్ మందం కూడా చూసుకోండి, చెక్క ప్యానెల్‌కి పొడవాటి బటన్లు, లోహపు ప్యానెల్‌కి పొట్టివి. తీగ చివరి క్లిప్పుల కొలతలు కూడా వేరే: అమెరికా మైక్రోస్విచ్చులకు సాధారణంగా 0.187 అంగుళాలు, సాన్వా బటన్లకు 0.110.

తీసేసిన పాత భాగాలను పారేయకండి. ఒక సంచిలో వేసి, ఏది ఎక్కడిదో, ఏ తేదీన తీశారో చీటీ రాసి పెట్టె అడుగున ఉంచండి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ యంత్రం ఎవరి దగ్గరుంటే వారికి సరైన కొలత తెలిసేది దాని వల్లే.

పాత ఆటలు అసలు చేతికి ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే న్యూ హాంప్‌షైర్‌లోని లకోనియాలో ఫన్‌స్పాట్‌లో ఉన్న అమెరికన్ క్లాసిక్ ఆర్కేడ్ మ్యూజియం, షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్‌లో 2010లో తెరిచిన గ్యాలపింగ్ ఘోస్ట్ ఆర్కేడ్ మంచి చోట్లు. అక్కడ యంత్రాలను అద్దం వెనక పెట్టరు, ఆడనిస్తారు. పిల్లల్ని తీసుకెళ్ళి పది నిమిషాలు ట్రాక్‌బాల్ తిప్పించండి. ఇంటికొచ్చి మీ యంత్రాన్ని సర్దుకునేటప్పుడు, బంతి ఎంత తేలిగ్గా తిరగాలో మీ అరచేతికే గుర్తుంటుంది.